ఎంపీ గారు మా సంస్థ మీద పార్లమెంటులో తీర్మానం పెడతామంటున్నారు. దీనికి విలువ ఎంత?

పుస్తకప్రియ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మేం బ్రిటన్‌లో ఉంటున్నాం. ఇక్కడ కొందరు తెలుగువాళ్లు కలిసి చాలా ఏళ్లుగా ఒక చిన్న సేవా సంస్థ నడుపుతున్నారు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకి తోడుగా ఆసుపత్రికి వెళ్లి డాక్టర్ చెప్పేది వివరించడం, ప్రభుత్వ ఫారాలు నింపిపెట్టడం, ఒంటరిగా ఉన్నవాళ్లకి ఫోన్ చేసి పలకరించడం లాంటివి. దీన్ని మొదలుపెట్టినావిడ రిటైరైన నర్సు. ఇప్పుడు బాధ్యతలు చిన్నవాళ్లకి అప్పగిస్తున్నారు.

ఈ సందర్భంగా మా ఎంపీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆవిడ సేవల మీద ‘ఎర్లీ డే మోషన్’ పెడతాం, చిత్తుప్రతి రాసి పంపండి అన్నారు. కమిటీలో సగం మంది ఎగిరి గంతేస్తున్నారు. ‘పార్లమెంటు మనల్ని గుర్తించింది’ అని అప్పుడే బ్యానర్ డిజైన్ చేస్తున్నారు. మిగతా సగం ఇదంతా ఉత్తుత్తి వ్యవహారం అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ఏం రాయాలి?

సందేహరావు

రెండో సగానిదే నిజం. అది ఉత్తుత్తిదే. అక్కడివాళ్లే దాన్ని పార్లమెంటరీ గ్రాఫిటీ అని ఎగతాళి చేస్తారు. ఒక్కో సెషన్‌లో అలాంటివి వందలకొద్దీ పడతాయి. చర్చ ఉండదు, ఓటింగ్ ఉండదు. నేను వీటి మీద సంతకం పెట్టను అని తమ వెబ్‌సైట్‌లోనే రాసుకున్న ఎంపీలున్నారు. ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పాతరిపోర్టర్

రావు గారూ, కాస్త ఆగండి. మీరన్నది చాలావరకు నిజమే గానీ పూర్తిగా కాదు.

పుస్తకప్రియ గారూ, ముందు ఇదేంటో చెబుతాను. చర్చకు తేదీ ఖరారు కాని తీర్మానం ఇది. ‘త్వరలో ఏదో ఒక రోజు చర్చిద్దాం’ అన్న లెక్కలో నమోదవుతుంది, ఆ రోజు దాదాపుగా ఎప్పటికీ రాదు. మొత్తం ఒకే వాక్యంలో ఉండాలి, 250 పదాలు దాటకూడదు. ‘ఈ సభ...’ అని మొదలై ‘అభినందిస్తోంది’, ‘స్వాగతిస్తోంది’, ‘గుర్తిస్తోంది’ లాంటి క్రియలతో సాగుతుంది. ఒక ఎంపీ ప్రవేశపెడితే మిగతావాళ్లు సంతకాలు చేస్తారు. మంత్రులు, విప్‌లు మామూలుగా చేయరు. స్పీకర్, డిప్యూటీలు అసలు చేయరు. సెషన్ ముగిసిందంటే తీర్మానం కూడా అంతటితో సరి.

అయితే ఇదే దారిలో వచ్చిన తీర్మానం ఒక ప్రభుత్వాన్ని కూల్చింది కూడా. 1979లో ప్రధాని కాలహాన్ ప్రభుత్వం మీద అప్పటి ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్ పెట్టిన అవిశ్వాసం మొదట ఎర్లీ డే మోషన్‌గానే నమోదైంది. మార్చి 28న ఓటింగ్ జరిగితే 311–310, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 2005లో వాతావరణ మార్పు చట్టం తేవాలని పెట్టినదాని మీద 400 మందికి పైగా ఎంపీలు సంతకాలు చేశారు, 2008లో ఆ చట్టం వచ్చింది. అది ఒక్క తీర్మానం వల్లే వచ్చిందని ఎవరూ అనరు. కానీ ఎంతమంది అటువైపు ఉన్నారో అందరికీ కనబడింది.

మీ విషయం వేరు. మీది అభినందన. దానితో ఏ చట్టమూ రాదు.

సందేహరావు

ప్రభుత్వం కూల్చింది సరే, పావురాల సంగతి కూడా చెప్పండి మరి :)

పాతరిపోర్టర్

చెప్పకపోతే మీరు వదలరు కదా. 2004లో టోనీ బ్యాంక్స్ అనే ఎంపీ ఒకటి పెట్టారు. పావురాలను ఎగిరే బాంబులుగా వాడాలన్న ప్రతిపాదనలు నిఘా సంస్థ ఫైళ్లలో ఉన్నాయని అప్పుడే బయటపడింది. దాని మీద మండిపడుతూ, మనుషులంత నీచమైన జాతి లేదని, ఏదో ఒక గ్రహశకలం వచ్చి భూమిని ఢీకొని ఈ జాతిని తుడిచిపెట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నామని రాశారు. ఇంకో ఇద్దరు సంతకం చేశారు. ఒకరు జెరెమీ కార్బిన్, మరొకరు జాన్ మెక్‌డొనెల్. పదకొండేళ్ల తర్వాత కార్బిన్ లేబర్ పార్టీ నాయకుడయ్యాక పత్రికలు దాన్ని బయటికి తీశాయి. నమోదైనది ఎక్కడికీ పోదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అట్లాంటిక్_అవతల

మా అమెరికాలో ఈ జబ్బు ఎంత ముదిరిందంటే, చివరికి మందు వేయాల్సి వచ్చింది. ఫలానా వారోత్సవం, ఫలానా దినోత్సవం అని ప్రకటించే బిల్లులు 1980ల చివర్లో కొన్ని కాంగ్రెస్‌లలో (అక్కడ ఒక్కో చట్టసభ కాలం రెండేళ్లు, దాన్నే ఒక కాంగ్రెస్ అంటారు) మొత్తం చట్టాల్లో మూడో వంతు దాకా ఉండేవి. అలాంటి బిల్లు ముందుకు కదలాలంటే ప్రతినిధుల సభలో 218 మంది సహ ప్రతిపాదకులు కావాలి కాబట్టి, సిబ్బంది రోజంతా సంతకాలు పోగుచేస్తూ తిరిగేవాళ్లు. 1995 జనవరిలో కొత్త మెజారిటీ రాగానే, ఒక రోజునో వారాన్నో ప్రత్యేక దినంగా ప్రకటించే బిల్లులు సభలో ప్రవేశపెట్టనే కూడదని రూల్ పెట్టారు.

మరి ఆగిందా? మనవాళ్లలాగే వాళ్లూ దొడ్డిదారి వెతుక్కున్నారు. దినోత్సవాన్ని ‘ప్రకటిస్తున్నాం’ అనరు, దాని ‘ఆశయాలకు మద్దతు తెలుపుతున్నాం’ అంటారు. సెనేట్‌కి ఆ నిషేధమే లేదు కాబట్టి అక్కడ ఏకగ్రీవంగా గడగడా పాసైపోతాయి. దీపావళి ప్రాధాన్యాన్ని గుర్తిస్తూ 2007లో రెండు సభలూ విడివిడిగా తీర్మానాలు చేశాయి, గుర్తుందా?

ఇంకో దారి పోస్టాఫీసులకి పేర్లు పెట్టడం. అది మాత్రం పక్కా చట్టం, అధ్యక్షుడి సంతకం కావాలి. కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి భారత సంతతి వ్యక్తి దలీప్ సింగ్ సౌంద్ పేరుతో కాలిఫోర్నియాలో ఒక పోస్టాఫీసు ఉంది. హ్యూస్టన్‌లో డ్యూటీలో ఉండగా హత్యకు గురైన సిక్కు పోలీసు అధికారి సందీప్ సింగ్ ధలివాల్ పేరు అక్కడి పోస్టాఫీసుకి పెట్టారు. ఇది తీర్మానంలాగా సెషన్‌తో పోయేది కాదు, గోడ మీద ఉంటుంది.

లెక్కలమాస్టారు

అమెరికాలో మనవాళ్లు చూపించే సర్టిఫికెట్లలో ఎక్కువ భాగం మేయరో గవర్నరో ఇచ్చే ప్రకటనలే కదండీ? చట్టసభ తీర్మానాలు కావుగా?

అట్లాంటిక్_అవతల

అవును మాస్టారూ, చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. గవర్నర్ ప్రకటన ఆయన ఒక్కడి సంతకం. చట్టసభ తీర్మానం సభది. అయితే ఒక్క సంతకంతో వచ్చినదంతా తక్కువదనీ అనలేను. 2017లో కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీరు విద్వేష కాల్పుల్లో చనిపోయాక, అక్కడి గవర్నర్ మార్చి 16ని ఇండియన్ అమెరికన్ల అభినందన దినంగా ప్రకటించారు. చట్టపరంగా చూస్తే ఉత్త కాగితమే. ఆ వారాల్లో ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో ఎంత టెన్షన్ ఉండేదో తెలిసినవాళ్లెవరూ దాన్ని ఉత్త కాగితం అనరు.

సందేహరావు

అది వేరు అన్నా. ఒక ప్రాణం పోయింది, జనం భయంలో ఉన్నారు, ప్రభుత్వం ఒక మాట చెప్పింది. నేనంటున్నది ఊరికే పొగడ్తల గురించి. ఎంపీకి ఖర్చు లేదు, ఓట్లు వస్తాయి. సంస్థకి బ్యానర్ వస్తుంది. ఆసుపత్రిలో మాట అర్థంకాని ముసలాయనకి ఏం వస్తుంది?

మేపుల్ఆకు

ఈ ప్రశ్న మంచిది. సమాధానం నా దగ్గర లేదు గానీ కెనడా అనుభవం చెబుతాను.

ఇక్కడ హెరిటేజ్ నెలలు రెండు రకాలుగా వస్తాయి. జనవరి తమిళ వారసత్వ మాసం అని హౌస్ ఆఫ్ కామన్స్ 2016 అక్టోబరులో ఏకగ్రీవంగా ఒక తీర్మానం ఆమోదించింది. అది సభ అభిప్రాయం. ఏప్రిల్ సిక్కు వారసత్వ మాసం 2019లో చట్టంగా వచ్చింది, అంటే సెనేట్ కూడా దాటింది. తమిళులు దేశస్థాయి తీర్మానానికి ముందే 2014లో ఒంటారియో చట్టసభలో చట్టం తెప్పించుకున్నారు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు. ఓపిగ్గా చేశారు.

ఇక జాగ్రత్త విషయం. 2023 సెప్టెంబరులో ఉక్రెయిన్ అధ్యక్షుడు సభకి వచ్చిన రోజు స్పీకర్ గ్యాలరీలో కూర్చున్న 98 ఏళ్ల పెద్దాయన్ని చూపించి యుద్ధవీరుడు అన్నారు. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత తెలిసింది, ఆయన పోరాడింది నాజీల వాఫెన్ ఎస్‌ఎస్ దళంలో అని. కొద్ది రోజుల్లోనే స్పీకర్ ఆంథొనీ రోటా రాజీనామా చేయాల్సి వచ్చింది. అది తీర్మానం కాదు, మాటమాత్రపు గౌరవం. అయినా అంత గొడవైంది. పొగిడే ముందు ఎవరూ ఒక్క గంట కూర్చుని వివరాలు సరిచూడలేదు, అంతే.

పుస్తకప్రియ గారూ, మీ ఆవిడ గురించి కాదు నేను చెప్పేది. మీరు రాసే ప్రతి సంవత్సరం, ప్రతి పదవి కాగితం పక్కన పెట్టుకుని రాయండి.

లెక్కలమాస్టారు

మన దగ్గర ఈ పద్ధతి లేకపోవడం ఆశ్చర్యం. లోక్‌సభలో ఒక సేవాసంస్థని అభినందిస్తూ ఎంపీ తీర్మానం పెట్టాడని ఎప్పుడైనా విన్నామా?

పాతరిపోర్టర్

సంతకాలతో నడిచే ఈ పద్ధతి మనకి లేదు మాస్టారూ. మనకున్నవి వేరు. లోక్‌సభలో మాజీ సభ్యులు చనిపోతే స్పీకర్ సంతాప ప్రస్తావన చదువుతారు, అందరూ లేచి మౌనం పాటిస్తారు. ఒలింపిక్ పతకాలు వచ్చినప్పుడు, ఉపగ్రహ ప్రయోగాలు గెలిచినప్పుడు కూడా స్పీకరే సభ తరఫున అభినందిస్తారు. సభ్యుడు తన నియోజకవర్గం విషయం ఎత్తాలంటే జీరో అవర్, లేదా 377 నిబంధన కింద నోటీసు. ప్రైవేటు సభ్యుల తీర్మానాలకి శుక్రవారం మధ్యాహ్నాలు ఉన్నాయి గానీ అవి ఎక్కువగా విధానాల మీదే.

స్మారక సందర్భాల్లో మాత్రం మన పార్లమెంటు బరువుగానే చేస్తుంది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల వేళ 1997 ఆగస్టు–సెప్టెంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి ‘అజెండా ఫర్ ఇండియా’ తీర్మానం చేశారు. రాజకీయాల్లో నేరచరితుల గురించి కూడా అందులో మాట ఇచ్చారు. ఆ మాట ఏమైందో మీకు తెలుసు. 2012 మే 13 ఆదివారం అయినా సమావేశమై, తొలి సమావేశానికి అరవై ఏళ్లు నిండిన సందర్భాన్ని జరుపుకున్నారు. మొదటి లోక్‌సభలో కూర్చున్న రిషాంగ్ కైషింగ్, రేషమ్‌లాల్ జాంగ్డే లాంటివాళ్లని పిలిచి సత్కరించారు. ‘క్విట్ ఇండియా’ 75 ఏళ్లప్పుడు 2017 ఆగస్టు 9న కూడా రెండు సభలూ తీర్మానాలు చేశాయి.

అసెంబ్లీల తీరు ఇంకోలా ఉంటుంది. అక్కడ సంతాప తీర్మానం సాధారణంగా ముఖ్యమంత్రే పెడతారు, అన్ని పక్షాల వాళ్లూ మాట్లాడతారు. ఒక్కోసారి దానికి ఒక విన్నపం తగిలిస్తారు. పీవీ నరసింహారావు శతజయంతి ఏడాదిలో, 2020 సెప్టెంబరు 8న, ఆయనకి భారతరత్న ఇవ్వాలని తెలంగాణ అసెంబ్లీ తీర్మానించింది. 2024 ఫిబ్రవరిలో భారతరత్న ప్రకటించారు. తీర్మానం వల్లే ఇచ్చారా అంటే నేను అవుననను. మధ్యలో ఎన్ని లెక్కలు మారాయో అందరం చూశాం. మన్మోహన్ సింగ్ చనిపోయాక 2024 డిసెంబరు 30న అదే అసెంబ్లీ ఆయనకీ భారతరత్న ఇవ్వాలని తీర్మానం చేసింది.

పుస్తకప్రియ

ఇంత సమాచారం ఇస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. కమిటీ పంపిన చిత్తుప్రతి తెలుగులో పెడుతున్నాను. చూసి చెప్పండి.

‘బ్రిటన్‌లోనే మొట్టమొదటి తెలుగు సేవాసంస్థను స్థాపించి, తన జీవితాన్నే ధారపోసి, వేలాది మంది కన్నీళ్లు తుడిచిన మానవతామూర్తి, నిస్వార్థ సేవకు నిలువెత్తు నిదర్శనం అయిన శ్రీమతి ఫలానా గారి అసమాన సేవలను ఈ సభ కొనియాడుతోంది, అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి మరియు కార్యవర్గ సభ్యులందరినీ అభినందిస్తోంది, తెలుగు జాతి ఖ్యాతి దశదిశలా వ్యాపించాలని ఆకాంక్షిస్తోంది.’

సందేహరావు

కోశాధికారి గారు ఏం తుడిచారు?

మోడరేటర్

రావు గారూ, వ్యక్తుల మీద జోకులు వద్దు. చర్చ బాగా సాగుతోంది, సాగనివ్వండి.

ఎడిన్‌బరో_చలి

నేను స్కాటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడి దగ్గర కొంతకాలం పనిచేశాను. ఇలాంటివి చాలా రాశాను కాబట్టి చెబుతున్నా.

‘మొట్టమొదటి’ తీసేయండి. ఇంకో సంస్థ మేమే ముందు అంటూ ఎంపీకి ఉత్తరం రాస్తే మీ ఎంపీ ఇరుకున పడతారు. వేరే ఎంపీ దానికి సవరణ కూడా పెట్టొచ్చు. ‘వేలాది మంది’కి రిజిస్టర్ ఉందా? ఉంటే అంకె రాయండి, లేకపోతే వదిలేయండి. విశేషణాలన్నీ తీసేసి ఏం చేశారో రాయండి. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లకి తోడు వెళ్లారు అన్న ఒక్క మాట ముందు ‘మానవతామూర్తి’ నిలవదు. కార్యవర్గం పేర్లు వద్దు, ‘స్వచ్ఛంద కార్యకర్తలు’ అంటే అందరూ వస్తారు. దశదిశల గోల అసలే వద్దు.

అన్నిటికంటే ముందు, ఆవిడని అడిగారా? పేరు పార్లమెంటు వెబ్‌సైట్‌లో పడుతుంది, వెతికితే దొరుకుతుంది. కొందరికి అది ఇష్టం ఉండదు.

మా దగ్గర పద్ధతి కొంచెం మెరుగు. 129 మంది సభ్యుల్లో ఎవరైనా తీర్మానం పెట్టొచ్చు. అభినందనలు అక్కడా కుప్పలుతెప్పలే. కానీ వేరే పార్టీల మద్దతు కూడగడితే, రోజు చివర్లో ఓటింగ్ అయ్యాక జరిగే సభ్యుల చర్చకి అది ఎంపిక కావచ్చు. ఆ చర్చ మీద ఓటు ఉండదు గానీ చివర్లో మంత్రి లేచి సమాధానం చెప్పాలి. గ్యాలరీలో ఆ సంస్థవాళ్లు కూర్చుని వినడం నేను చూశాను.

పాతరిపోర్టర్

వెస్ట్‌మిన్‌స్టర్‌లో, అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటులో కూడా దానికి దగ్గర మార్గాలున్నాయి. గురువారం సభానాయకుడు వచ్చే వారం కార్యక్రమాలు ప్రకటించాక ఎంపీలు ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నల్లో తమ నియోజకవర్గంలోని సేవకుల పేర్లు ఎత్తడం మామూలే. సభానాయకుడు లేచి అభినందిస్తారు. అది హాన్సార్డ్ అనే సభ అధికారిక రికార్డులో, వీడియోలో ఉంటుంది. సంతకాల తీర్మానం కంటే ఆ నిమిషం మీ ఆవిడకి ఎక్కువ సంతోషం ఇవ్వొచ్చు. మీ ఎంపీని రెండూ అడగండి.

ఇక రావు గారి ముసలాయన సంగతి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆసుపత్రుల్లో అనువాదకుల కొరత గురించి ప్రభుత్వం ఏదైనా చేయాలంటే అభినందన తీర్మానం దానికి దారి కాదు. లిఖితపూర్వక ప్రశ్న వేయించండి, మంత్రిత్వ శాఖ జవాబివ్వాలి. లేదా సభ ముగిసే ముందు అరగంట వాయిదా చర్చ కోసం ఎంపీ ప్రయత్నించవచ్చు, అక్కడ మంత్రే వచ్చి సమాధానం చెప్పాలి.

లెక్కలమాస్టారు

ఆ డిమాండ్‌ని తీర్మానంలోనే చివర్న కలిపేస్తే పోలేదా? ఒకే దెబ్బకి రెండు పిట్టలు.

ఎడిన్‌బరో_చలి

కలపొచ్చు మాస్టారూ, చాలామంది కలుపుతారు. కానీ ‘ప్రభుత్వం నిధులివ్వాలి’ అనగానే అధికార పార్టీ ఎంపీలు సంతకానికి వెనకాడతారు. ఉత్త అభినందన అయితే అన్ని పార్టీలవాళ్లూ చేస్తారు. మెచ్చుకోలు ఒక కాగితం, అడగాల్సింది ఇంకో కాగితం. విడిగా ఉంచడమే నయం.

సందేహరావు

అలా అయితే నాకు అభ్యంతరం లేదు. ప్రశ్న వేయించండి. దాని జవాబు ఇక్కడ పెట్టండి, దాన్ని చీల్చి చెండాడే పని నాది.

పుస్తకప్రియ

ఆవిడతో మాట్లాడాను. ముందు వద్దన్నారు. నా ఒక్కదాని పేరెందుకు, మొదట్లో నాతో తిరిగినవాళ్లు ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ల పేర్లు ఉంటే సరే అన్నారు. వాళ్ల కుటుంబాలని అడిగి ఒప్పించాం. కమిటీలో ఇద్దరు అలిగారు, అది మామూలే.

కొత్తది ఇది:

‘రిటైరైన నర్సు శ్రీమతి ఫలానా గారు, దివంగతులైన తన సహచరులు ఫలానా, ఫలానా గార్లతో కలిసి ప్రారంభించిన సంస్థ, ఇంగ్లిష్ రాని పెద్దవారికి ఆసుపత్రి అపాయింట్‌మెంట్లలో తోడు ఉండి మాటసాయం చేస్తోందని ఈ సభ గుర్తిస్తోంది, ఈ పని పూర్తిగా స్వచ్ఛంద కార్యకర్తలతో నడుస్తోందని గమనిస్తోంది, బాధ్యతల నుంచి తప్పుకుంటున్న ఆవిడకు ధన్యవాదాలు తెలుపుతూ, కొత్తగా బాధ్యత తీసుకుంటున్నవారిని అభినందిస్తోంది.’

ప్రారంభించిన సంవత్సరం పాత రిజిస్ట్రేషన్ పత్రంలో చూసి రాస్తున్నాం.

మేపుల్ఆకు

చాలా బాగుంది. ఆ ఇద్దరి పేర్లు చేరడం నాకు అన్నిటికంటే నచ్చింది. స్పెల్లింగ్ మాత్రం కుటుంబాలతో ఇంగ్లిష్‌లో రాయించుకోండి. మన ఇంటిపేర్లు అక్కడ గుమాస్తాల చేతిలో ఏమవుతాయో తెలుసుగా.

పాతరిపోర్టర్

ఇప్పుడు బ్యానర్ సంగతి. ‘పార్లమెంటు ఆమోదించింది’ అని వేయకండి, ఎందుకంటే ఎవరూ ఆమోదించలేదు. ‘పార్లమెంటులో ఫలానా ఎంపీ ప్రవేశపెట్టిన తీర్మానం, ఇంతమంది ఎంపీల సంతకాలతో’ అనండి. అది నిజం, తక్కువదీ కాదు. మీ ఎంపీ ఒక్కరి పార్టీవాళ్లే కాకుండా ఇతర పార్టీల ఎంపీలు కూడా మొదటి ఆరుగురు ప్రతిపాదకుల్లో ఉండేలా చూడమనండి. సెషన్ ఎప్పుడు ముగుస్తుందో కూడా ఆఫీసుని అడగండి. ముగిసే ముందు వారం పెడితే సంతకాలకి టైమే ఉండదు.

పుస్తకప్రియ

అడిగాను. ఇంకా చాలా నెలలు ఉందట. రెండు వేరే పార్టీల ఎంపీలతో మాట్లాడతామన్నారు. లిఖితపూర్వక ప్రశ్నకి కూడా ఒప్పుకున్నారు, కాకపోతే మా దగ్గర ఉన్న వివరాలు పంపమన్నారు. ఎంతమందికి అనువాదకులు దొరకక అపాయింట్‌మెంట్ వాయిదా పడిందో మా ఫోన్ డైరీల్లో ఉంది. ఈ వారాంతం కూర్చుని లెక్క తీయాలి. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పేర్లు తీసేసి ఫైల్ పంపుతాను.

సందేహరావు

నాకు పంపండి.